న్యూట్రాన్ సోర్స్ చుట్టూ సీసం పేరిస్తే చాలా?

ప్రశ్న: సార్, మా కాలేజీ ఫిజిక్స్ ల్యాబ్‌లో చిన్న అమెరీషియం-బెరీలియం న్యూట్రాన్ సోర్స్ (న్యూట్రాన్లు వదిలేది) ఉంది. దానికి షీల్డింగ్ (రేడియేషన్‌ని ఆపే అడ్డు) ఇంకాస్త పెంచాలి, బడ్జెట్ అంతంతమాత్రం. స్టోర్‌రూమ్‌లో పాత సీసం ఇటుకలున్నాయి, అవే చుట్టూ పేర్చేస్తే సరిపోతుందా? లేదంటే చవగ్గా ఇంకేం వాడొచ్చు?

జవాబు: ఇటుకలు పారేయకండి, వాటికీ పని ఉంది గానీ ముందు వరసలో కాదు. గామాకి (ఎక్స్-రే లాంటి గట్టి కిరణాలు) సీసం బ్రహ్మాండం, న్యూట్రాన్‌కి మాత్రం ఛార్జ్ లేదు కాబట్టి ఎలక్ట్రాన్లని అసలు పట్టించుకోదు, న్యూక్లియస్‌నే గుద్దుకోవాలి, సీసం న్యూక్లియస్ ఏమో దానికన్నా 200 రెట్లు బరువు, గోడకి కొట్టిన బంతిలాగా దాదాపు అదే స్పీడుతో వెనక్కొచ్చేస్తుంది. హైడ్రోజన్ బరువు ఇంచుమించు న్యూట్రాన్ అంతే, అందుకని ఒక్కో గుద్దుకి సగటున సగం ఎనర్జీ పోతుంది. 2 మెగా ఎలక్ట్రాన్ వోల్టుల (ఇది ఎనర్జీ కొలత) న్యూట్రాన్ బాగా నెమ్మదించాలంటే హైడ్రోజన్‌తో సుమారు 18 గుద్దులు చాలు, కార్బన్‌తో 115 దాకా కావాలి.

కాబట్టి అన్నిటికన్నా చవక నీళ్ళే. లీకవుతాయి, ఆవిరవుతాయి, నాచు పడుతుంది, అదే తలనొప్పి. పారఫిన్ మైనంలో, పాలిథిలీన్‌లో అంతే సైజుకి నీళ్ళకన్నా కాస్త ఎక్కువే హైడ్రోజన్ ఉంటుంది. 1932లో బ్రిటిష్ శాస్త్రవేత్త చాడ్విక్ న్యూట్రాన్‌ని కనిపెట్టింది కూడా మైనం సాయంతోనే! కానీ మైనం అంటుకుంటుంది, లోహపు డబ్బాలో పోసి మూతేయాలి. నన్నడిగితే పాలిథిలీన్ దిమ్మలే కొనండి, స్క్రాప్ ముక్కలైనా పర్లేదు. ప్లాస్టిక్ ఏదైనా ఒకటేలే అని పీవీసీ మాత్రం తేకండి, అందులో హైడ్రోజన్ తక్కువ, పైగా క్లోరిన్ న్యూట్రాన్‌ని మింగి గట్టి గామా వదుల్తుంది.

నెమ్మదించాక వాటిని పట్టుకోవాలి కదా, ఆ పని హైడ్రోజన్‌కి వదిలేస్తే 2.2 మెగా ఎలక్ట్రాన్ వోల్టుల గామా పుడుతుంది. బోరాన్ ఉంటే వచ్చేది 0.48 మాత్రమే, ఆపడం తేలిక. నీళ్ళలోనో మైనంలోనో బోరాన్ ఉన్న మామూలు బోరిక్ యాసిడ్ కలిపితే చాలు, బోరాన్‌లో 20 శాతమే పనికొచ్చే బోరాన్-10 అయినా హైడ్రోజన్ కన్నా కొన్ని వేల రెట్లు బాగా పట్టుకుంటుంది. ఆ యాసిడ్ గది వేడిలో 100 మిల్లీలీటర్ల నీళ్ళలో సుమారు 5 గ్రాములే కరుగుతుంది, మైనంలో కలిపితే అడుక్కి దిగిపోతుంది కాబట్టి గట్టిపడేదాకా కలుపుతూనే ఉండాలి. న్యూట్రాన్లని పట్టే ఇంకో లోహం కాడ్మియం జోలికెళ్ళొద్దు, విషం, గామా కూడా ఎక్కువ.

ఇప్పుడు మీ సీసం ఇటుకలు తీయండి, అన్నిటికన్నా బయట వరసలో పెడితే మిగిలిన గామా సంగతి అవి చూస్కుంటాయి. దిమ్మల అతుకులు ఒకే గీతలో రాకుండా పేర్చండి, సందుల్లోంచి న్యూట్రాన్లు నేరుగా దూరిపోతాయి. ఎంత మందం కావాలన్నది మీ రేడియేషన్ సేఫ్టీ ఆఫీసర్ లెక్కగట్టి చెప్పాలి, ఆయన అనుమతి లేకుండా సోర్స్ చుట్టూ ఏదీ కదపకండి. పని అయ్యాక మామూలు రేడియేషన్ మీటరైన గైగర్ కౌంటర్ పెట్టి హమ్మయ్య అనుకోకండి, దానికి న్యూట్రాన్లు దాదాపు కనపడవు, న్యూట్రాన్ సర్వే మీటర్ అడిగి తెప్పించుకోండి.