టైల్స్ కింద ఏముందో నువ్వు చూడాలి

అమ్మాయీ,

బాత్‌రూమ్ మార్పిస్తున్నానని, టైల్స్ ఏ రంగువైతే బాగుంటాయో చెప్పమని రాశావు. రంగు నీ ఇష్టం. నేలకు మాత్రం నున్నగా మెరిసేవి వద్దు, తడి కాలు జారుతుంది. ఇక నువ్వు అడగనివి చెబుతాను.

బాత్‌రూమ్‌లో చెడితే ఖర్చు పెట్టించేవన్నీ కంటికి కనిపించని చోటే ఉంటాయి. గోడలో పైపులు, నేలలో వాటర్‌ప్రూఫింగ్, వాలు. టైల్స్ పడ్డాక వీటిలో ఏది తప్పని తేలినా మళ్ళీ పగలగొట్టడమే. అందుకని ఏ పనైనా మూసేముందు నీకు చూపించాలని కాంట్రాక్టరుతో మొదటి రోజే అనుకో. అనుకుని ఊరుకోకుండా కాగితం మీద పెట్టించు. సామాను ఎవరు తెస్తారు, ఏ రకం, పగలగొట్టిన పెంకులూ మట్టీ ఎవరు మోయించాలి, అన్నీ అందులోనే ఉండాలి. చివరిది చిన్న విషయంలా ఉంటుంది గానీ, మా ఇంట్లో గొడవ మొదలైంది దాని దగ్గరే. మూడు వారాలు గుమ్మం ముందు బస్తాలు దాటుకుంటూ తిరిగాం.

గోడ మూసేముందు ప్లంబరు చేత పైపులకు ప్రెజర్ టెస్ట్ చేయించు. పంపుతో నీటి ఒత్తిడి ఎక్కించి, మీటరులో ముల్లు కొన్ని గంటలపాటు దిగకుండా ఉందో లేదో చూస్తారు. ఆ తర్వాత గోడకు కొలత టేపు ఆనించి ఫోటోలు తీసుకో. రేపు అద్దం బిగించేటప్పుడు డ్రిల్లు ఎక్కడ పెట్టకూడదో అవే చెబుతాయి.

వాటర్‌ప్రూఫింగ్ పూత షవరు వైపు గోడ మీద ఆరడుగుల ఎత్తు దాకా వెళ్ళాలి. పూత పూర్తిగా ఆరాక, నీళ్ళు పోకుండా తూము మూసి, నేల మీద అంగుళమో రెండంగుళాలో నీళ్ళు నిలబెట్టించు. నీటి మట్టం దగ్గర గోడ మీద పెన్సిలుతో గీత గీసి, కనీసం 24 గంటలు ఆగు. 48 అయితే ఇంకా మంచిది. ఈలోగా కింది అంతస్తు వాళ్ళను అడిగి వాళ్ళ పైకప్పు చూసి రా. నీరు వెంట్రుకవాసి దిగితే ఆవిరైందనుకోవచ్చు, స్పష్టంగా దిగిందంటే ఎక్కడో దారి దొరికినట్టే. "రేపు టైల్స్ వాళ్ళు వస్తున్నారమ్మా, ఎన్ని ఇళ్ళకు చేయలేదూ, ఏమీ కాదు" అంటాడు కాంట్రాక్టరు. ఆ మాట అనని కాంట్రాక్టరును నేను ఇంతవరకు చూడలేదు. అందులో మోసం ఉండాలని లేదు, ఇంకో ఇంట్లో పని ఆగి ఉంటుంది, అంతే. నవ్వుతూనే కాదని చెప్పు.

వాలు సంగతిలో నేను మోసపోయాను. నేల అద్దంలా సమంగా ఉందని మురిసిపోయి, మిగిలిన డబ్బంతా ఆ రోజే ఇచ్చేశాను. తెల్లవారి స్నానం చేస్తే నీళ్ళు తూము వైపు కాకుండా తలుపు వైపు నడిచాయి. కాంట్రాక్టరు మళ్ళీ ఫోను ఎత్తలేదు. ఆ ఇంట్లో ఉన్నన్నాళ్ళూ స్నానం తర్వాత వైపరు పట్టుకోవడం నా వంతే అయింది. మీటరుకు ఒకటి నుంచి రెండు సెంటీమీటర్లు తూము వైపు దిగాలి. టైల్స్ పరుస్తుండగానే ఒక చెంబు నీళ్ళు పోసి చూడు.

డబ్బు కూడా పనితో పాటే నడవాలి. కొంత అడ్వాన్సు, పైపుల పరీక్ష నెగ్గాక కొంత, నీళ్ళ పరీక్ష నెగ్గాక కొంత, టైల్స్ అయ్యాక కొంత. చివరి పదో వంతు మాత్రం ఓ నెల వాడి చూశాకే. ఇది ముందే ఒప్పుకోవాలి, ఆఖరున చెబితే నీదే తప్పవుతుంది. మధ్యలో నీ మనసు మారి ఏదైనా మార్చమన్నా, దానికి ఎంతవుతుందో అప్పటికప్పుడే రాయించుకో.

టైల్స్ పదో వంతు ఎక్కువే కొను, పెట్టెలన్నిటి మీదా బ్యాచ్ నంబరు ఒకటే ఉందో లేదో చూడు. గీజరు లైనుకు, కరెంటు లీకైతే వెంటనే ఆపేసే 30 మిల్లీఆంపియర్ల లీకేజీ బ్రేకరు పెట్టించు. కమోడ్ మాత్రం పైపులు వేయకముందే కొనాలి. గోడ నుంచి దాని పైపు మధ్యకు ఉండాల్సిన దూరాన్ని టైల్స్ పడ్డాక ఉండే గోడ నుంచి కొలవాలి, ఉత్త గోడ నుంచి కాదు. కొన్నాక దాని కొలతల కాగితం ఫోటో తీసి పంపు. టైల్స్ పరిచే రోజు ముందుగా చెబితే వాలు చూసే నా రసమట్టం తీసుకుని నేనే వస్తాను.

మీ పెదనాన్న