మగ్గాల ఊరి బడికి ప్రధానోపాధ్యాయురాలిగా వెళ్లిన నా శిష్యురాలికి

అమ్మా, ఆశీస్సులు.

పోచంపల్లి చుట్టుపక్కల ఊళ్లలోని ఒక ఉన్నత పాఠశాల బాధ్యత నీకు అప్పగించారని తెలిసి ఎంతో సంతోషించాను. అక్కడి చేనేత సంఘాన్ని, నూలు ఇచ్చి నేత పని చేయించే మాస్టర్ వీవర్లను, బ్యాంకును, చౌటుప్పల్ వైపు హైవే వెంట ఉన్న ఫ్యాక్టరీలను బడి చదువుతో కలపాలని ఉందనీ, ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పమనీ రాశావు. నా అనుభవంలో నిలబడినదేదో, నిలబడనిదేదో ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

మొట్టమొదట, ఎవరి దగ్గరికీ విరాళం అడగడానికి వెళ్లకు. మన బడుల అవసరాలు నాకు తెలియనివి కావు. బెంచీలు కావాలి, ఫ్యాన్లు కావాలి, ప్రహరీ గోడకు రంగు కావాలి. కానీ ఒక సంస్థ గడప మొదటిసారి తొక్కినప్పుడు చేతిలో విరాళం దరఖాస్తు ఉంటే, ఆ సంస్థ మనసులో బడి అంటే ఏడాదికొకసారి వచ్చే ఖర్చుగానే ఉండిపోతుంది. చెక్కు ఇచ్చి, ఫొటో దిగి, మళ్లీ ఏడాది దాకా మనల్ని మరిచిపోతారు. మనం అడగవలసింది వాళ్ల పనితనం, వాళ్ల సమయం. మీకు తెలిసిన ఈ పనిని మా తొమ్మిదో తరగతి పిల్లలకు ఒక పూట దగ్గరుండి చూపిస్తారా అని అడిగితే, కాదనే పనివాడిని నేను చూడలేదు. తన పనిని బడి గౌరవిస్తోందన్న సంగతి ఎదుటి మనిషిని ఎంత దగ్గర చేస్తుందో నువ్వే చూస్తావు.

రెండో మాట, పాఠం నుంచి బయలుదేరాలి తప్ప సందర్శన నుంచి కాదు. జాతీయ విద్యా విధానం 2020 ఆరు నుంచి ఎనిమిదో తరగతి దాకా పిల్లలు ఏదో ఒక దశలో పది రోజులపాటు పుస్తకాల సంచి లేకుండా స్థానిక వృత్తి నిపుణుల దగ్గర నేర్చుకోవాలని చెప్పింది. మంచి ఆలోచనే, కానీ ఆ పది రోజులను విహారయాత్రగా మార్చేస్తే మిగిలేది నివేదికలో ఒక పేజీ మాత్రమే. ముందు నీ గణితం, భౌతికశాస్త్రం ఉపాధ్యాయులను కూర్చోబెట్టి, ఏడాదిలో పిల్లలకు కొరుకుడుపడని పాఠాలు ఏవో అడుగు. వాటిలో ఏ పాఠం ఊళ్లో ఎవరి చేతిలో ప్రాణంతో ఉందో ఆ తరువాత వెతుకు.

ఉదాహరణకు ఆసు పోయడం తీసుకో. పోగులకు ముందే ముడులు కట్టి రంగులద్ది నేసే ఇక్కత్ చీరలో పేకకు, అంటే అడ్డపోగులకు, రంగు అద్దే ముందు, నూలు పోగును మధ్యలో ఉన్న ఒక మేకుకూ, ఎదురుగా అర్ధచంద్రాకారంలో వరుసగా నాటిన మేకులకూ మధ్య వేలసార్లు తిప్పుతారు. చేత్తో చేస్తే ఒక్క చీరకు నాలుగైదు గంటలు పడుతుంది, ఆ పని ఎక్కువగా ఇంటి ఆడవాళ్లదే. ఇక్కడ వ్యాసార్థం ఉంది, చాపం ఉంది, కోణం ఉంది. పిల్లల చేతికి టేపు ఇచ్చి, మధ్య మేకు నుంచి చాపం మీది మేకుకు ఉన్న దూరం కొలవమను. ఒక చీరకు ఎన్ని పోగులు తిప్పాలో ఆ తల్లినే అడిగి, ఆమె చేయి ఒక రోజులో మొత్తం ఎంత దూరం ప్రయాణిస్తుందో లెక్క కట్టమను. జవాబు కిలోమీటర్లలో వచ్చినప్పుడు తరగతిలో కలిగే నిశ్శబ్దం ఏ పాఠ్యపుస్తకమూ తేలేదు. ఆ తరువాత డిజైను గ్రాఫు కాగితం ముందు పెట్టి, అందులోని గళ్ల ప్రకారం ఏ పోగుల మీద ఎక్కడ సైకిల్ ట్యూబు ముక్కలతో చిటికీలు, అంటే రంగు అంటకుండా బిగించే ముడులు, కట్టాలో చూపిస్తే, నిరూపక జ్యామితి ఎందుకు నేర్చుకుంటున్నామని ఎవరూ అడగరు. ఈ ఒక్క పనితో గణితం ఉపాధ్యాయుడికి రెండు వారాల పాఠం దొరుకుతుంది. అందుకే ఏడాదికి పది చోట్లు తిరగడం కంటే ఒకే చోటికి మూడుసార్లు వెళ్లడం మేలంటాను. మొదటిసారి పిల్లలు చూస్తారు, రెండోసారి అడుగుతారు, మూడోసారి తాము కట్టిన లెక్కను పనివాళ్లకే వినిపించి సరిచూసుకుంటారు.

ఆలేరు దగ్గరి శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం గారి గురించి పిల్లలకు తప్పక చెప్పు. ఆరో తరగతితోనే చదువు ఆగిపోయిన ఆయన, ఆసు పోసి పోసి తల్లి భుజాలు పడుతున్న నొప్పి చూడలేక, ఏళ్ల తరబడి శ్రమించి 1999 నాటికి ఆసు యంత్రాన్ని తయారుచేసి దానికి తల్లి పేరు మీదే లక్ష్మి అని పేరు పెట్టారు. 2017లో పద్మశ్రీ అందుకున్నారు. ఈ కథను కేవలం స్ఫూర్తి కోసం చెప్పి వదిలేయకుండా, మోటారు వేగం ఎంత ఉండాలి, పోగు తెగకుండా బిగువు ఎలా నిలపాలి అన్న ప్రశ్నలతో భౌతికశాస్త్రం గంటలో చెప్పించు. ఆ యంత్రం నడుస్తున్న ఇల్లు మీ చుట్టుపక్కల తప్పక దొరుకుతుంది.

ఇక్కడ ఒక సున్నితమైన విషయం ఉంది. నువ్వు మగ్గం పేరు ఎత్తగానే కొందరు తల్లిదండ్రులు, ‘మా పిల్లలు ఈ మగ్గం గుంటలో కూర్చోవద్దనే కదా బడికి పంపుతున్నాం’ అని నిలదీస్తారు. నన్నూ నిలదీశారు. వాళ్ల భయం న్యాయమైనది, దాన్ని తేలిగ్గా తీసుకోకు. నేతవారి పిల్లలను మగ్గం దగ్గరికీ, రైతుల పిల్లలను పొలానికీ పంపేటట్లయితే, మనం చదువు పేరుతో కులవృత్తిని మళ్లీ వాళ్ల మెడకే చుట్టినవాళ్లం అవుతాం. అందరు పిల్లలూ అన్ని చోట్లకూ వెళ్లాలి. నేతవారి అమ్మాయి బ్యాంకు మేనేజరు పక్కన కూర్చుని రుణం లెక్క చూడాలి, ఫ్యాక్టరీ ప్రయోగశాలలో నీటి పీహెచ్ కొలవాలి. ఉద్యోగస్తుల అబ్బాయి ఆసు ముందు కూర్చుని ఆ శ్రమ ఎంతటిదో తెలుసుకోవాలి. ఈ మాటను మొదటి తల్లిదండ్రుల సమావేశంలోనే నీ నోటితో చెప్పు.

ఫ్యాక్టరీల విషయానికి వస్తే, 2013 కంపెనీల చట్టం ప్రకారం నిర్ణీత స్థాయి దాటిన కంపెనీలు గత మూడేళ్ల సగటు నికర లాభంలో కనీసం రెండు శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు చేయాలి, అందులో విద్యకూ చోటుంది. ఆ డబ్బు వద్దనను. అయితే పరిచయం కుదిరి, కలిసి ఒక ఏడాది పని చేసిన తరువాత దాన్ని అడుగు. ముందుగా వాళ్ల నాణ్యత పరీక్షల విభాగంలోని ఒక కెమిస్టును నెలకొక మధ్యాహ్నం పంపమను. పదో తరగతిలో ఆమ్లాలు, క్షారాలు చెప్పేటప్పుడు ఆ మనిషి వచ్చి ఊరి బోరు నీటిని పిల్లల చేతనే పరీక్ష చేయిస్తే, ఆ పాఠం విలువ ఇరవై బెంచీల కంటే ఎక్కువ. ఫ్యాక్టరీ వదిలే నీళ్లు ఎక్కడికి పోతాయని పిల్లలు అడుగుతారు, అడగనివ్వు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పడానికి ఇష్టపడని సంస్థతో స్నేహం బడికి అవసరం లేదు.

చట్టం దగ్గర మాత్రం పట్టు సడలించకు. కొన్ని మినహాయింపులు తప్ప పద్నాలుగేళ్లు నిండని పిల్లలను ఏ పనిలోనూ పెట్టుకోకూడదనీ, పద్నాలుగు నుంచి పద్దెనిమిది మధ్యవారిని ప్రమాదకరమైన పనుల్లో పెట్టకూడదనీ బాల కార్మిక చట్టానికి 2016లో చేసిన సవరణ చెబుతోంది. పిల్లలు చూడాలి, కొలవాలి, అడగాలి, రాసుకోవాలి. అమ్మకానికి వెళ్లే సరుకు మీద వాళ్ల చేయి పడకూడదు. అద్దకం దగ్గర కాస్టిక్ సోడా, హైడ్రోస్ వంటి రసాయనాలు, మరిగే నీళ్లు ఉంటాయి, అక్కడ దూరంగా నిలబెట్టి చూపించు. తల్లిదండ్రుల రాతపూర్వక అంగీకారం, వెంట ఒక ఉపాధ్యాయురాలు, బడి విడిచే వేళకు తిరిగి రావడం, ఈ మూడూ లేకుండా ఒక్క అడుగూ బయటికి వేయవద్దు.

నేత కార్మికుడికి పని లెక్కన కూలి వస్తుందని మరిచిపోకు. మన కోసం ఒక పూట మగ్గం ఆపితే ఆ పూట ఆదాయం పోయినట్టే. అది సంఘం భరిస్తుందా, బడి నిధుల నుంచి గౌరవంగా ఇవ్వగలవా అన్నది ముందే తేల్చుకో. దసరా, పెళ్లిళ్ల గిరాకీ రోజుల్లో వాళ్లను కదిలించకు. మన వైపు నుంచి కూడా ఏదైనా ఇవ్వాలి. చిన్న మాస్టర్ వీవర్లలో చాలామందికి సరుకు వివరాలు తప్పుల్లేకుండా ఇంగ్లిషులో, హిందీలో రాయించుకోవడం కష్టం. భాషా ఉపాధ్యాయుల పర్యవేక్షణలో పదో తరగతి పిల్లలు ఆ వివరాలు రాసిస్తే అది వాళ్లకు భాషాభ్యాసం, సంఘానికి ఉపకారం.

మన ఉద్యోగంలో బదిలీలు తప్పవు కాబట్టి, ఈ సంబంధం నీ ఒక్కదాని మీద నిలబడకూడదు. ఇద్దరు ఉపాధ్యాయులకు బాధ్యత అప్పగించి, పిల్లల తల్లులు సభ్యులుగా ఉండే అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీ సమావేశంలో తీర్మానం రాయించు. ఎవరితో మాట్లాడాం, ఏ పాఠానికి ఏ పని చూపించాం, పిల్లలు ఏం అడిగారు, ఏది కుదరలేదు అని ఒక రిజిస్టరు పెట్టు. నీ తరువాత వచ్చేవారు దాన్ని చదివి మరుసటి వారమే పని కొనసాగించగలగాలి.

ఈ ఏడాదికి ఒక తరగతి, ఒక పాఠం, ఒక ఇల్లు చాలు. జూలైలో గణితం ఉపాధ్యాయుణ్ణి వెంటబెట్టుకుని, పిల్లలు లేకుండా, నువ్వే ఆసు పోసే ఇంటికి వెళ్లి ఒక పూట కూర్చుని రా. అక్కడ రాసుకున్న కొలతలు నాకు పంపితే, ప్రశ్నపత్రం ఇద్దరం కలిసి తయారుచేద్దాం.

ఇట్లు,
నీ పాత లెక్కల మాస్టారు