మూడుల్ 4.5కు మారాక తెల్ల పేజీలు, ప్రశ్నార్థకాలైన తెలుగు ప్రశ్నలు, వెళ్లని మెయిళ్లు: ఎక్కడి నుంచి వెతకాలి

మీ ప్రశ్న సారాంశం ఇది. మంచిర్యాల వైపు ఒక డిగ్రీ కళాశాలలో పాఠాలు చెబుతూ సర్వర్ పని కూడా మీరే చూసుకుంటున్నారు. ఉబుంటు 20.04 మీద నడుస్తున్న మూడుల్ (కోర్సులు, క్విజ్‌లు ఆన్‌లైన్‌లో నడిపే సాఫ్ట్‌వేర్) 4.1ను, డేటాబేస్ డంప్ (డేటాబేస్ మొత్తాన్ని ఒక ఫైలులోకి దింపిన నకలు) తీసి, ఉబుంటు 22.04 ఉన్న కొత్త మిషన్‌లోకి తెచ్చి, అక్కడ 4.5కు అప్‌గ్రేడ్ చేశారు. లాగిన్ పేజీ వస్తోంది కానీ కోర్సు తెరిస్తే తెల్ల పేజీ. తెరుచుకున్న కొన్ని కోర్సుల్లో తెలుగు మాధ్యమం క్విజ్ ప్రశ్నలన్నీ వరుస ప్రశ్నార్థకాలు. పైగా విద్యార్థులకు మెయిళ్లు వెళ్లడం లేదు. అన్నీ తీసేసి మొదటి నుంచి ఇన్‌స్టాల్ చేయాలా, లేక ఏకంగా 5.0కు వెళ్లిపోతే ఇవన్నీ సర్దుకుంటాయా అని అడిగారు.

రెండూ వద్దు. హనుమకొండలో ఒక కళాశాల మూడుల్ సర్వర్‌ను కొన్నేళ్లుగా చూస్తున్నాను, ఇదే తరహా మార్పిడి మాకూ జరిగింది. ఆ అనుభవంతో చెబుతున్నాను, మీకు ఉన్నది ఒక సమస్య కాదు, ఒకదానితో ఒకటి సంబంధం లేని మూడు సమస్యలు. అప్‌గ్రేడ్ అయిన వెంటనే కనిపించాయి కనుక మూడూ అప్‌గ్రేడ్ ఖాతాలో పడ్డాయి. అన్నిటికంటే ముందు చేయవలసిన పని మాత్రం ఒకటుంది: పాత మిషన్‌ను ఎవరూ ముట్టుకోకుండా చూడండి. కొత్తది వచ్చింది కదా అని దాన్ని ఫార్మాట్ చేసి ల్యాబ్‌లో పెట్టాలని ఎవరో ఒకరు అడుగుతారు. మీ తెలుగు ప్రశ్నలు ఈ క్షణాన సరిగ్గా ఉన్నది బహుశా అక్కడ ఒక్కచోటే.

ఆ తరువాత కొత్త సైట్‌ను మెయింటెనెన్స్ మోడ్‌లో పెట్టండి. బ్రౌజర్‌లోంచి కాకుండా, అడ్మిన్ ఫోల్డర్‌లోని సీఎల్ఐ ఫోల్డర్‌లో ఉన్న మెయింటెనెన్స్ స్క్రిప్టును ఎనేబుల్ అనే ఆప్షన్‌తో నడిపితే, పేజీలు తెరుచుకోని స్థితిలో కూడా అది పనిచేస్తుంది. ఇప్పుడు అధ్యాపకులు ప్రశ్నలను మళ్లీ టైపు చేయడం మొదలుపెట్టినా, పిల్లలు సగం పాడైన క్విజ్‌ను రాసినా, రేపు పాత డేటాబేస్‌ను మళ్లీ తెచ్చుకునే దారి మూసుకుపోతుంది. మా దగ్గర ములుగు, పరకాల, నర్సంపేట వైపు నుంచి వచ్చే పిల్లలు బస్సులో కూర్చునే క్విజ్ ముగించేస్తారు. సైట్ తెరిచి ఉన్నంతసేపూ రాస్తూనే ఉంటారు, ఆ జవాబులను తరువాత ఎటూ కలపలేము.

ఇక తెల్ల పేజీ. మూడుల్‌ను నడిపించే పీహెచ్‌పీ భాష మధ్యలో ఆగిపోయి, ఆ తప్పును తెరమీద చూపవద్దని సర్వర్‌కు చెప్పి ఉన్నప్పుడు వచ్చేదే తెల్ల పేజీ. కారణం వెబ్ సర్వర్ అయిన అపాచీ ఎర్రర్ లాగ్‌లో రాసే ఉంటుంది. చాలామంది లాగ్ చూడకుండానే క్యాష్ ఖాళీ చేయడం, సర్వర్ రీస్టార్ట్ చేయడం, పర్మిషన్లన్నీ 777 (ఎవరైనా చదివి, మార్చగలిగేలా) చేయడం మొదలుపెడతారు. ఆ చివరిది ఏ పరిస్థితుల్లోనూ చేయకండి. టెర్మినల్‌లో లాగ్‌ను టెయిల్ కమాండ్‌తో తెరిచి ఉంచి, ఇంకో వైపు బ్రౌజర్‌లో అదే కోర్సును ఒక్కసారి తెరవండి. అక్కడ ఏమీ దొరక్కపోతే కాన్ఫిగ్ ఫైలులో డీబగ్, డీబగ్ డిస్‌ప్లే అనే రెండు అమరికలను ఆన్ చేయండి, అయితే అవి సెటప్ ఫైలును పిలిచే చివరి వరుసకు పైన ఉండాలి, కింద రాస్తే వాటి ప్రభావం ఉండదు. పని కాగానే వాటిని తీసేయడం మరవకండి.

మీ విషయంలో నా అనుమానం బయటి నుంచి తెచ్చి వేసుకున్న ప్లగిన్ మీద, లేదా కోర్సు ఫార్మాట్ మీద. ఉబుంటు 20.04తో వచ్చేది పీహెచ్‌పీ 7.4, 22.04తో వచ్చేది 8.1. పాత పీహెచ్‌పీ హెచ్చరికతో సరిపెట్టి ముందుకు నడిపించిన పొరపాట్లలో కొన్నింటి దగ్గర ఎనిమిదో తరం పూర్తిగా ఆగిపోతుంది. మూడుల్ సొంత కోడ్‌ను ఇందుకు తగ్గట్టు సరిచేసుకున్నారు, కానీ ఎప్పుడో ఎవరో రాసి వదిలేసిన ప్లగిన్‌కు ఆ దిక్కు లేదు. లాగిన్ పేజీ వచ్చి, కోర్సుల్లో కొన్ని తెరుచుకుని కొన్ని తెరుచుకోకపోవడం కూడా దీనికే సరిపోతుంది. లాగ్‌లో తప్పు జరిగిన ఫైలు దారి పూర్తిగా ఉంటుంది. అందులో బ్లాక్స్, మాడ్, కోర్సు ఫార్మాట్, థీమ్ వీటిలో ఏ ఫోల్డర్ పేరు కనిపిస్తే దోషి అక్కడే. థీమ్ అయితే కాన్ఫిగ్ ఫైలులో థీమ్‌ను మూడుల్‌తోనే వచ్చే బూస్ట్ అని బలవంతంగా రాసి పరీక్షించవచ్చు. ప్లగిన్ అయితే 4.5కు సరిపోయే కూర్పు ఉందేమో ముందు మూడుల్ ప్లగిన్ల డైరెక్టరీలో చూడండి, అన్‌ఇన్‌స్టాల్ చేయడం ఆ తరువాతి మాట, ఎందుకంటే అన్‌ఇన్‌స్టాల్‌తో ఆ ప్లగిన్ డేటా కూడా పోతుంది.

కొత్త కోడ్‌ను పాత కోడ్ ఫోల్డర్ మీదే కాపీ చేసి ఉంటే అది మరో తలనొప్పి. 4.5లో లేని పాత ఫైళ్లు అక్కడే మిగిలిపోతాయి. వేర్వేరు కూర్పుల ఫైళ్లు కలిసిపోయాయని మూడుల్ చాలాసార్లు తానే పసిగట్టి అప్‌గ్రేడ్‌ను ఆపుతుంది, అన్నిసార్లూ పట్టుకోలేదు. కొత్త కోడ్‌ను ఖాళీ ఫోల్డర్‌లో పెట్టి, పాతదాంట్లోంచి కాన్ఫిగ్ ఫైలును, బయటి ప్లగిన్లను మాత్రమే తెచ్చుకోవడం పద్ధతి. మరో సంగతి, ఒక్కసారికి ఎన్ని ఫారం గడులను తీసుకోవాలో చెప్పే పీహెచ్‌పీ అమరిక, మాక్స్ ఇన్‌పుట్ వార్స్, విలువ 5000కు తగ్గకూడదు. అయితే ఉబుంటులో అపాచీకి ఒక పీహెచ్‌పీ ఐఎన్ఐ ఫైలు, కమాండ్ లైనుకు వేరే ఐఎన్ఐ ఫైలు ఉంటాయి కాబట్టి రెండింటిలోనూ మార్చాలి. ఒకదాంట్లో మార్చి, ఇంకా అదే తప్పు వస్తోందని తల పట్టుకునేవారు ఎక్కువ.

తెలుగు ప్రశ్నల సంగతి దగ్గర కొంచెం ఆగి చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ తప్పుడు సలహా పాటిస్తే సమాచారం శాశ్వతంగా పోతుంది. డేటాబేస్ కొలేషన్‌ను (అక్షరాలను నిల్వచేసి పోల్చే పద్ధతిని) నాలుగు బైట్ల యూటీఎఫ్8ఎంబీ4కు మార్చే స్క్రిప్టు నడపమని మీకు తప్పకుండా ఎవరైనా చెబుతారు. మంచి స్క్రిప్టే, కానీ మీ రోగానికి మందు కాదు. తెలుగు అక్షరం ఒక్కొక్కటి యూటీఎఫ్-8లో మూడు బైట్లు, మైఎస్‌క్యూఎల్ వారి పాత మూడు బైట్ల యూటీఎఫ్8లో కూడా అది నిక్షేపంగా ఇమిడేది. నాలుగు బైట్లు కావలసింది ఇమోజీల వంటి వాటికి.

బ్రౌజర్‌లో కనిపించేదాన్ని నమ్మకుండా నేరుగా డేటాబేస్‌నే అడగండి. ఎండీఎల్ క్వశ్చన్ పట్టికలో క్వశ్చన్ టెక్స్ట్ గడిని, బైట్లను ఉన్నవి ఉన్నట్టు చూపే హెక్స్ ఫంక్షన్‌లో పెట్టి ఒక తెలుగు ప్రశ్నను చూడండి. ఉదాహరణకు "కాకతీయ" అన్న మాట సరిగ్గా నిలువై ఉంటే, అందులోని క అక్షరం ఈ0 బీ0 95 అని, దీర్ఘం ఈ0 బీ0 బీఈ అని కనిపిస్తుంది. తెలుగు అక్షరాలన్నీ ఈ0 బీ0తో గానీ ఈ0 బీ1తో గానీ మొదలవుతాయి. అలా ఉంటే డేటా క్షేమం, లోపం చూపించే దగ్గర ఉంది. అలా కాకుండా వరుసగా 3ఎఫ్ 3ఎఫ్ 3ఎఫ్ అని వస్తే అవి నిజంగానే ప్రశ్నార్థక చిహ్నాలు. అసలు అక్షరాలు ఆ డేటాబేస్‌లో లేవు, ఏ స్క్రిప్టూ వాటిని తిరిగి తేలేదు. మూడో అవకాశం, సీ3 ఏ0 సీ2 బీ0 అన్న వరుస. అంటే తెలుగు బైట్లను లాటిన్ అక్షరాలనుకుని మళ్లీ ఒకసారి యూటీఎఫ్-8లోకి మార్చారన్నమాట. అప్పుడు తెరమీద ప్రశ్నార్థకాలు కాక, తలమీద గీత ఉన్న లాటిన్ ఏ, దాని పక్కన డిగ్రీ గుర్తు, ఇలాంటి చెత్త కనిపిస్తుంది. చూడటానికి ఇదే ఎక్కువ భయపెడుతుంది గానీ, ఇది వెనక్కి తిప్పగలిగినది.

మీరు పంపిన తెరచిత్రంలో "కాకతీయ" ఉండవలసిన చోట ఆరు ప్రశ్నార్థకాలు ఉన్నాయి. రాతలో నాలుగు అక్షరాలే అయినా, దీర్ఘాలు, గుడులు యూనికోడ్‌లో విడిగా లెక్కకు వస్తాయి కనుక మొత్తం ఆరు, ఒక్కోదానికి ఒక్కో ప్రశ్నార్థకం. కాబట్టి మీది రెండో రకమేనని దాదాపు నిశ్చయంగా చెప్పవచ్చు: డంప్ తీసేటప్పుడే సర్వర్ తెలుగును లాటిన్1 (పడమటి ఐరోపా భాషల అక్షరాలకు వాడే పాత పద్ధతి) లోకి మార్చబోయి, అందులో తెలుగుకు చోటు లేక, ప్రతిదానికీ ఒక ప్రశ్నార్థకం పెట్టేసింది. మా దగ్గర ఇదే జరిగింది. పాత మిషన్‌లో మైఎస్‌క్యూఎల్ కాన్ఫిగరేషన్ ఫైలులో క్లయింట్ విభాగం కింద డీఫాల్ట్ క్యారెక్టర్ సెట్ లాటిన్1 అని ఎప్పుడో రాసి ఉంది. మూడుల్ తన కనెక్షన్‌కు తానే యూటీఎఫ్8ఎంబీ4 పెట్టుకుంటుంది కాబట్టి ఇన్నాళ్లూ ఎవరికీ తేడా తెలియలేదు, మైఎస్‌క్యూఎల్ డంప్ మాత్రం ఆ వరుసను చదివి పాటించింది. ఇంగ్లీషు మాధ్యమం కోర్సులన్నీ చక్కగా వచ్చాయి, అందుకే మొదట తెలుగు, చరిత్ర అధ్యాపకులు చెప్పిన మాటను ఎవరూ పట్టించుకోలేదు కూడా.

పరిష్కారం పాత మిషన్‌లో ఉంది. అక్కడ డీఫాల్ట్ క్యారెక్టర్ సెట్ యూటీఎఫ్8ఎంబీ4 అని స్పష్టంగా ఇచ్చి, డేటా అంతా ఒకే క్షణపు స్థితిలో వచ్చేలా సింగిల్ ట్రాన్సాక్షన్ ఆప్షన్ కూడా చేర్చి, మళ్లీ డంప్ తీయండి. ఆ ఫైలును కొత్త మిషన్‌కు పంపేముందే గ్రెప్ అనే వెతికే కమాండ్‌తో అందులో "కాకతీయ" అని తెలుగులోనే వెతకండి. దొరికితేనే ముందుకు వెళ్లండి. ఈ ఒక్క పరీక్ష మొదటే చేసి ఉంటే మా దగ్గర వారం పని తప్పేది. తరువాత కొత్త మిషన్‌లో ఖాళీ డేటాబేస్ సృష్టించి ఆ డంప్‌ను ఎక్కించి, అప్‌గ్రేడ్ స్క్రిప్టును మళ్లీ నడపండి. ఇప్పుడున్న డేటాబేస్‌ను చెరపకుండా వేరే పేరుతో ఉంచుకోండి, ఈ మధ్యలో ఎవరైనా రాసినవి చూసుకోవడానికి పనికొస్తుంది. మూడుల్ డేటా ఫోల్డర్‌లో, అప్‌లోడ్ చేసిన ఫైళ్లు ఉండే ఫైల్‌డిర్ జోలికి పోనక్కర్లేదు. అక్కడ ఫైళ్ల పేర్లు వాటి సారం నుంచి లెక్కగట్టిన హ్యాష్‌లు కాబట్టి, అనుమానం ఉంటే పాత మిషన్ నుంచి ఆర్‌సింక్‌తో కాపీ చేసినా కొత్తవి చేరతాయే తప్ప ఉన్నవి చెడవు.

అప్‌గ్రేడ్‌ను బ్రౌజర్‌లో కాక కమాండ్ లైనులో నడపమని అందరూ చెబుతారు, నిజమే, కరెంటు పోయినా కనెక్షన్ తెగినా ఆగకుండా స్క్రీన్ లేదా టీమక్స్ లోపల నడపండి. కానీ ఏ యూజర్‌గా నడపాలో చెప్పేవారు తక్కువ. సర్వాధికారాలున్న రూట్ యూజర్‌గా నడిపితే, మూడుల్ డేటా లోపల అప్పుడు పుట్టే క్యాష్ ఫోల్డర్లన్నీ రూట్ సొంతమవుతాయి. ఆ తరువాత వెబ్ సర్వర్ వాటిలో రాయలేక, ఫోల్డర్ సృష్టించబోతే అనుమతులు చెల్లలేదన్న తప్పు వస్తుంది. సుడోతో, వెబ్ సర్వర్ నడిచే డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ-డేటా యూజర్‌గానే నడపండి. ఇప్పటికే రూట్‌గా నడిపి ఉంటే, మూడుల్ డేటాలో రూట్ పేరున ఉన్న ఫైళ్లను ఫైండ్ కమాండ్‌తో పట్టుకుని యజమానిని మార్చితే సరిపోతుంది.

మెయిళ్లు వెళ్లకపోవడానికి కారణం సులువైనది: నిర్ణీత సమయాలకు పనులను తానే నడిపే క్రాన్. పాత మిషన్‌లో క్రాన్‌ట్యాబ్‌లో ఉన్న వరుస డేటాబేస్‌తో పాటు రాదు, ఎవరో ఒకరు కొత్త మిషన్‌లో రాయాలి. నిమిషానికి ఒకసారి నడిచేలా, అదీ డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ-డేటా క్రాన్‌ట్యాబ్‌లోనే పెట్టండి. రూట్ క్రాన్‌ట్యాబ్‌లో పెడితే పైన చెప్పిన అనుమతుల తప్పు నెమ్మదిగా మళ్లీ మొదలవుతుంది. అప్‌గ్రేడ్ తరువాత వెనుక జరగవలసిన పనులు కొన్ని కూడా క్రాన్ కోసం వరుసలో ఆగి ఉంటాయి, మొదటి కొన్ని గంటలు సర్వర్ భారంగా కదిలితే కంగారు పడకండి. టాస్క్ లాగ్స్ పేజీలో ఏది విఫలమవుతోందో పేరుతో సహా కనిపిస్తుంది. ఒక సంగతి అధ్యాపకులకు ముందే చెప్పి ఉంచండి: 48 గంటలు దాటిన ఫోరమ్ పోస్టులకు క్రాన్ తిరిగి మొదలైనా మెయిల్ వెళ్లదు, ఒక్కసారిగా మెయిళ్ల వరద రాకూడదని మూడుల్‌లో పెట్టిన ఏర్పాటు అది. ఇంటర్నల్స్ తేదీల వంటి ప్రకటనలు ఈ మధ్య పెట్టి ఉంటే మళ్లీ పెట్టించండి.

5.0 మాటకొస్తే, మీ కొత్త మిషన్ దానికి సరిపోదు. 5.0కు పీహెచ్‌పీ కనీసం 8.2 కావాలి, మైఎస్‌క్యూఎల్ 8.4 కావాలి, ఉబుంటు 22.04తో వచ్చేవి 8.1, 8.0. పైగా చాట్, సర్వే మాడ్యూళ్లను 5.0లో మూల కోడ్ నుంచి తీసేశారు, వాటిని వాడే కోర్సులుంటే ముందే చూసుకోవాలి. 4.5 దీర్ఘకాల మద్దతు ఉన్న కూర్పు, 2027 అక్టోబరు దాకా భద్రతా సవరణలు వస్తాయి. అందాకా దీని మీదే ఉండి, తరువాతి మార్పిడిని కొత్త ఉబుంటుతో కలిపి, సెమిస్టర్ మధ్యలో కాకుండా బతుకమ్మ, దసరా సెలవుల్లో పెట్టుకోండి. హెక్స్‌లో ఏ వరుస వచ్చిందో, ఎర్రర్ లాగ్‌లో తెల్ల పేజీ తెరిచిన క్షణాన పడిన వరుసలేమిటో ఇక్కడే రాయండి. డేటాబేస్ పాస్‌వర్డ్, సైట్ చిరునామా కనిపించకుండా తీసేసి పెట్టండి.