ఇంజిన్ లైటు వెలిగి ఆరిపోతోంది, స్కానర్‌లో కోడ్ లేదు: సెన్సర్ మార్చే ముందు తీగలు చూడండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: 2021లో కొన్న బీఎస్6 బైకు. అలిపిరి నుంచి కొండకు వెళ్లేటప్పుడు మీటర్లో పసుపు రంగు ఇంజిన్ లైటు ఒక్కోసారి వెలుగుతుంది, కాసేపటికే ఆరిపోతుంది. సర్వీస్ సెంటర్‌లో స్కానర్ పెట్టి కోడ్ ఏదీ లేదన్నారు. అయినా ఆక్సిజన్ సెన్సర్ (సైలెన్సర్ పొగలో ఆక్సిజన్ ఎంతుందో కొలిచేది) మార్చేద్దాం అంటున్నారు. ఈమధ్యే ఫాగ్ లైట్లు కూడా వేయించారు.

ఇప్పుడే మార్చకండి. కోడ్ లేనప్పుడు ఆ సెన్సరే పోయిందని వాళ్లకు ఎలా తెలిసింది? నేనూ తిరుపతిలోనే ఉంటాను, నా బండికీ ఇదే గోల వచ్చింది, నాకూ ఇదే సలహా ఇచ్చారు. చివరికి సెన్సర్ల జోలికి పోకుండానే తేలిపోయింది.

ముందు తేల్చుకోవాల్సింది లైటు ఎంతసేపు వెలిగిందన్నది. ఏదైనా సెన్సర్ తప్పుడు రీడింగ్ ఇస్తే, ఇంజిన్‌ను నడిపే చిన్న కంప్యూటర్, అంటే ఈసీయూ, లైటు వెలిగించి, ఆ తప్పును ఒక కోడ్‌గా మెమరీలో రాసిపెట్టుకుంటుంది. లైటు ఆరిపోయినా కోడ్ మామూలుగా వెంటనే చెరిగిపోదు. అందుకే సర్వీస్ సెంటర్‌లో 'ఇప్పుడున్న కోడ్‌లు కాదు, హిస్టరీ చూడండి' అని గట్టిగా అడగాలి. చాలామంది ఆ పేజీ తెరవరు.

హిస్టరీలో కూడా ఏమీ లేకపోతే కథ వేరు. తాళం ఆన్ చేయగానే ఇంజిన్ లైటు వెలిగి, అంతా బాగుంటే ఆరిపోవడం రోజూ చూస్తాం కదా. అది ఈసీయూ తనను తాను చెక్ చేసుకోవడం. బండి నడుస్తుండగా ఈసీయూకి వెళ్లే కరెంటు ఒక్క క్షణం తెగి మళ్లీ వస్తే, అది మళ్లీ మొదటి నుంచి లేస్తుంది. లైటూ అలాగే రెండు మూడు సెకన్లు వెలిగి ఆరుతుంది. అక్కడ తప్పు రాసుకోవడానికి ఏమీ ఉండదు, కోడ్ ఎక్కడి నుంచి వస్తుంది?

నా బండికి ఘాట్ రోడ్డులోనే వస్తుందనిపించేది. ఎత్తుకు పోతే గాలి పలచబడి అలా అవుతుందని ఒక షాపులో చెప్పారు. తిరుమల ఎత్తు సుమారు 850 మీటర్లు. అంతమాత్రం తేడాను ఇంజెక్షన్ బండి తనే సర్దుకుంటుంది, దానికి లైటు వెలగదు. సరిగ్గా గమనిస్తే లైటు వచ్చేది ఎక్కేటప్పుడు కాదు, అలిపిరి చెకింగ్ దగ్గర లైన్లో మెల్లగా జరిగేటప్పుడు. లీలామహల్ సర్కిల్ దగ్గర యూటర్న్ తీసుకున్నప్పుడు కూడా వచ్చింది. రెండు చోట్లా హ్యాండిల్ పూర్తిగా తిరుగుతుంది.

ఇంటి దగ్గర సెంటర్ స్టాండ్ వేసి, ఇంజిన్ ఐడిల్‌లో పెట్టి హ్యాండిల్ ఈ కొస నుంచి ఆ కొసకు తిప్పాను. ఎడమ కొసకు రాగానే ఇంజిన్ ఒక్క దగ్గు దగ్గి ఆగిపోయింది, మీటర్ ముల్లు ఆ చివరిదాకా పోయి వచ్చింది, ట్యాంకులోంచి పెట్రోలు పంపు కుయ్‌మంది. తాళం ఆన్ చేసినప్పుడు జరిగేదంతా వరుసగా జరిగింది. గడియారం మాత్రం మారలేదు. చాలా బళ్లలో గడియారానికి కరెంటు నేరుగా బ్యాటరీ నుంచి వస్తుంది కాబట్టి, బ్యాటరీ వైపు బాగానే ఉందని, తాళం స్విచ్ దాటాకే ఎక్కడో తెగుతోందని అర్థమైంది. గడియారం కూడా మొదటికి వచ్చి ఉంటే బ్యాటరీ టెర్మినల్, మెయిన్ ఫ్యూజు చూసేవాళ్లం.

హెడ్‌లైట్ విప్పితే, తాళం స్విచ్ నుంచి వచ్చే తీగల కట్ట హ్యాండిల్ తిరిగే చోట బిగుసుకుపోయి ఉంది. పైకి తొడుగు చెక్కుచెదరలేదు. మా ఎలక్ట్రీషియన్ ఒక్కో తీగను రెండు వేళ్లతో పట్టి మెల్లగా లాగాడు. ఒకటి మాత్రం రబ్బరులా సాగింది. లోపల రాగి పోగులు తెగిపోతేనే తొడుగు అలా సాగుతుందట. కోసి చూస్తే రెండు మూడు పోగులే మిగిలాయి. కొత్త ముక్క వేసి, టంకం పెట్టి, వేడికి ముడుచుకునే స్లీవ్ తొడిగి, హ్యాండిల్ తిరగడానికి కాస్త వదులు ఉంచి కట్టాడు. మెలిపెట్టి టేపు చుట్టేస్తానంటే ఒప్పుకోకండి, వానలకు మళ్లీ మొదటికొస్తుంది.

మీ విషయంలో నా మొదటి అనుమానం ఆ ఫాగ్ లైట్ల మీదే. వాటికి రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్) వేసి బ్యాటరీ నుంచి విడిగా లైను లాగారా, లేక తాళం లైనును మధ్యలో గీకి అతుకు వేశారా చూడండి. రెండోది అయితే ముందు ఆ అతుకు తీయించండి. తర్వాత నేను చేసినట్టే హ్యాండిల్ తిప్పి, తాళం చెవిని అటూ ఇటూ కదిపి చూడండి. బ్యాటరీ టెర్మినల్ స్క్రూలు చేత్తో కదులుతున్నాయా, ఫ్యూజు కాళ్లు నల్లబడ్డాయా అన్నది సీటు తీస్తే తెలిసిపోతుంది. మల్టీమీటర్ ఉంటే బండి ఆపి ఉన్నప్పుడు 12.5 వోల్టుల దగ్గర, రేజ్ చేస్తే 14 అటూఇటూ చూపించాలి.

వాటర్ సర్వీసింగ్ చేయించిన మర్నాడో, నవంబరు వానల్లోనో మాత్రమే వస్తుంటే కనెక్టర్లలో తడి చేరినట్టు. విప్పి, ఆకుపచ్చ చిలుము ఉంటే కాంటాక్ట్ క్లీనర్ కొట్టి ఆరనిస్తే చాలు. లైటు వెలిగి అలాగే ఉండిపోయి, కోడ్ కూడా దొరికితే అప్పుడు సెన్సర్ సంగతి ఆలోచించవచ్చు. అప్పుడైనా ముందు సైలెన్సర్ పైపు మీద ఆ సెన్సర్ తీగ కాలిందేమో చూసి, తర్వాతే కొత్తది కొనండి.

ఇది తేలేదాకా ఆ బండి మీద కొండకు పోకండి. దిగేది 1944 నాటి పాత ఘాట్, హెయిర్‌పిన్ మలుపులు ఎక్కువ, మలుపు మధ్యలో ఇంజిన్ ఆగితే బండి కుదుపుకు అదుపు తప్పొచ్చు. ఊళ్లో అయితే లైటు వెలిగినా బండి మామూలుగా నడుస్తుంటే మెల్లగా షాపుదాకా పోవచ్చు. ఎరుపు రంగు ఆయిల్ లైటు వెలిగితే మాత్రం అక్కడికక్కడే ఆపేయాలి.

బండికి వారంటీ ఇంకా మిగిలి ఉంటే బయట తీగలు కోయించకండి. హ్యాండిల్ తిప్పినప్పుడు లైటు రావడం ఫోన్లో వీడియో తీసుకుని సర్వీస్ సెంటర్‌కే తీసుకెళ్లండి, 'హ్యాండిల్ తిప్పితే సప్లై తెగుతోంది' అని జాబ్ కార్డు మీద రాయించండి. ఉత్త 'ఇంజిన్ లైటు' అని రాస్తే మళ్లీ ఆ స్కానర్ పెట్టి, కోడ్ లేదని పంపించేస్తారు.