ఎంబీబీఎస్ లేకుండా వైద్య పరిశోధనలో చోటు ఉంటుందా?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ బైపీసీ తర్వాత రెండుసార్లు నీట్ రాసింది కానీ సీటు రాలేదు. ఇప్పుడు డిగ్రీ రెండో సంవత్సరంలో మైక్రోబయాలజీ చదువుతోంది. వైద్య పరిశోధనలోకి వెళ్తానని పట్టుదలగా ఉంది. డాక్టరు కానివాళ్లకు అక్కడ ఏం పని ఉంటుందని బంధువులు అంటున్నారు. ఎన్నేళ్లు చదవాలి? మధ్యలో ఆదాయం ఏమైనా ఉంటుందా? అప్పు చేసి విదేశాలకు పంపడం మంచిదా?
– ఒక తండ్రి, ఖమ్మం జిల్లా

జవాబు: వైద్యం అనగానే మనకు ఆసుపత్రి, స్టెతస్కోపు గుర్తుకొస్తాయి కనుక మీ బంధువుల సందేహం సహజమే. అయితే ఏ మందు పనిచేస్తుంది, ఏ టీకా ఎంతవరకు కాపాడుతుంది, ఒక జబ్బు ఫలానా ఊళ్లలోనే ఎందుకు ఎక్కువగా కనిపిస్తోంది అనే ప్రశ్నలకు సమాధానాలు వెతికే పనిలో డాక్టర్లతో పాటు జీవశాస్త్రం, రసాయనశాస్త్రం, గణాంకశాస్త్రం చదివినవాళ్లు మొదటినుంచీ ఉన్నారు. మీ అమ్మాయికి అక్కడ తప్పకుండా చోటు ఉంటుంది. కానీ ముందుగా ఒక విషయాన్ని బంధువులెవరూ లేనప్పుడు ఆమెతో నెమ్మదిగా మాట్లాడి తేల్చుకోండి. రోగిని దగ్గరుండి చూసుకుని, కోలుకుంటే సంతోషించాలన్నది ఆమె కోరికా, లేక ఆ జబ్బు ఎలా వస్తుందో, ఆ మందు ఎలా పనిచేస్తుందో తెలుసుకోవాలన్నది ఆమె కోరికా? మొదటిదే అయితే పీహెచ్‌డీ ఆ లోటును తీర్చదు. నర్సింగ్, ఫిజియోథెరపీ, ఆప్టోమెట్రీ (కంటిచూపు పరీక్ష) వంటి చదువులే ఆమెకు ఎక్కువ తృప్తినిస్తాయి. సీటు రాలేదన్న బాధతో పరిశోధన వైపు వచ్చినవాళ్లు ఎమ్మెస్సీ అయ్యేసరికే నీరసపడిపోవడం నా దగ్గరికి వచ్చే పిల్లల్లో తరచుగా చూస్తున్నాను. రెండోదే ఆమె అసలు కోరిక అయితే, ఈ కింది మాటలు ఆమెతో కూడా చదివించండి.

2023లో వైద్యశాస్త్ర నోబెల్ బహుమతిని పంచుకున్న ఇద్దరిలో కాటలిన్ కరికో డాక్టరు కారు. హంగరీలో ఒక మాంసం వ్యాపారి ఇంట పెరిగి, సెగెడ్ విశ్వవిద్యాలయంలో జీవశాస్త్రం చదివి, పీహెచ్‌డీ పూర్తిచేసి, 1985లో అమెరికా వెళ్లారు. రెండో వ్యక్తి డ్రూ వైస్‌మన్ వైద్యుడు, రోగనిరోధక శాస్త్రవేత్త. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో వీళ్లిద్దరూ పట్టుకున్న సమస్య ఇది: ఏ ప్రోటీన్ తయారుచేయాలో కణానికి చెప్పే సందేశం లాంటి ఎంఆర్‌ఎన్‌ఏను ప్రయోగశాలలో తయారుచేసి కణాలకు అందిస్తే, అవి దాన్ని బయటి శత్రువుగా భావించి తీవ్రంగా ప్రతిస్పందించేవి, జంతు కణాల్లో సహజంగా ఉండే కొన్ని రకాల ఆర్‌ఎన్‌ఏతో మాత్రం ఆ గొడవ ఉండేది కాదు. తేడా ఎక్కడుందని వెతికితే, సహజమైన ఆర్‌ఎన్‌ఏలోని కొన్ని భాగాలు రసాయనికంగా కొద్దిగా మార్పు చెంది ఉంటాయని తేలింది. ఆర్‌ఎన్‌ఏలోని యూరిడిన్ అనే భాగం స్థానంలో దాని మారిన రూపమైన సూడోయూరిడిన్ పెట్టగానే ఆ ప్రతిస్పందన చాలావరకు అణగిపోయింది. 2005లో ప్రచురించిన ఈ ఫలితాన్ని అప్పట్లో ఎక్కువమంది పట్టించుకోలేదు. పదిహేనేళ్ల తర్వాత కోవిడ్ ఎంఆర్‌ఎన్‌ఏ టీకాలకు అదే పునాది అయింది. పరిశోధనకు నిధులు రాకపోవడంతో 1995లో అదే విశ్వవిద్యాలయంలో కరికో హోదాను తగ్గించారన్న సంగతి కూడా మీ అమ్మాయికి తెలియాలి. ఈ రంగంలో పనికీ గుర్తింపుకీ మధ్య ఎంత దూరం ఉండవచ్చో తెలిసి అడుగుపెట్టడం మంచిది.

మైక్రోబయాలజీ చదువుతున్న అమ్మాయికి ఇంకా దగ్గరగా ఉండే ఉదాహరణ టైఫాయిడ్ టీకా. హైదరాబాద్‌లో భారత్ బయోటెక్ తయారుచేసిన టైఫాయిడ్ కాంజుగేట్ టీకాను (బ్యాక్టీరియా పైపొరలోని చక్కెర పదార్థాన్ని ఒక ప్రోటీన్‌కు జోడించి చేసినది) ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ బృందం వంద మందికి పైగా ఆరోగ్యవంతులైన వలంటీర్ల మీద పరీక్షించి, 2017లో ఫలితాలు ప్రకటించింది. కొందరికి ఆ టీకా, కొందరికి వేరే జబ్బుకు సంబంధించిన టీకా వేసి, సుమారు నెల తర్వాత వాళ్లందరిచేత టైఫాయిడ్ బ్యాక్టీరియా కలిపిన ద్రావణాన్ని తాగించారు. రెండు వారాల పాటు దగ్గరగా గమనిస్తూ రక్తనమూనాల్లో బ్యాక్టీరియా పెరుగుతుందేమో కల్చర్ చేసి చూశారు. యాంటీబయాటిక్స్‌తో చికిత్స చేశారు. తాగించే ద్రావణంలో ఎన్ని బ్యాక్టీరియా ఉన్నాయో ఖచ్చితంగా లెక్కకట్టడం, రక్తనమూనాలో పెరిగినది టైఫాయిడ్ సూక్ష్మజీవేనని నిర్ధారించడం మైక్రోబయాలజిస్టుల పని. ఆ లెక్కలో తేడా వస్తే ఒక మనిషికి హాని జరగవచ్చు. గుంపుల మధ్య తేడా యాదృచ్ఛికమా, టీకా వల్ల వచ్చిందా అని తేల్చడం గణాంక నిపుణుల పని. వలంటీర్లకు ప్రమాదాన్ని పూర్తిగా వివరించి, వాళ్ల అంగీకారం తీసుకున్నారా లేదా అని చూడటానికి నైతిక కమిటీ ఉంటుంది. ఆ తర్వాత నేపాల్, మలావీ వంటి దేశాల్లో వేలాది పిల్లల మీద జరిగిన అధ్యయనాల్లో ఈ టీకా సుమారు 80 శాతం రక్షణ ఇచ్చిందని తేలింది. ఇంత పనిలో మందు చీటీ రాసే ఘట్టం చాలా చిన్నది.

మన దేశంలో జరిగిన పనికి ఐఐటీ బాంబే, టాటా మెమోరియల్ సెంటర్ కలిసి రూపొందించిన క్యాన్సర్ చికిత్స మంచి ఉదాహరణ. రోగి రక్తంలో రోగనిరోధక పని చేసే టీ కణాలను (టి-సెల్స్) బయటికి తీసి, క్యాన్సర్ కణాలను గుర్తుపట్టేలా జన్యుపరంగా మార్చి, తిరిగి అదే రోగి శరీరంలోకి ఎక్కించే ఈ విధానానికి 2023 అక్టోబరులో దేశంలో అనుమతి వచ్చింది. విదేశాల్లో అయ్యే ఖర్చుతో పోలిస్తే ఇది దాదాపు పదో వంతుకే అందుతోంది. కణాలను మార్చే పని జీవశాస్త్ర ప్రయోగశాలలో జరిగింది, రోగుల మీద పరీక్షలు ఆసుపత్రి వైద్యుల చేతుల మీదుగా జరిగాయి.

ఎక్కువ పని ప్రయోగశాల బయటే జరిగే వైద్య పరిశోధన కూడా ఉంది. చాలామంది విద్యార్థులకు ఈ దారి ఒకటుందనే తెలియదు కనుక దీని గురించి కొంచెం ఎక్కువే చెప్తాను. 1987 నుంచి 1990 వరకు హైదరాబాద్ పరిసరాల్లోని 29 గ్రామాల్లో జాతీయ పోషకాహార సంస్థ ఒక అధ్యయనం చేసింది. 15 గ్రామాల్లో గర్భిణులకు, ఆరేళ్లలోపు పిల్లలకు మొక్కజొన్న, సోయా పిండితో చేసిన ఉప్మా రోజూ పెట్టారు. మిగతా 14 గ్రామాలకు ఆ పథకం అప్పటికి రాలేదు. సుమారు పదిహేనేళ్ల తర్వాత లండన్ స్కూల్ ఆఫ్ హైజీన్ అండ్ ట్రాపికల్ మెడిసిన్ పరిశోధకులు, జాతీయ పోషకాహార సంస్థ వాళ్లు కలిసి అదే ఊళ్లకు వెళ్లి, అప్పటికి కౌమారంలో ఉన్న ఆ పిల్లలను వెతికి పట్టుకుని ఎత్తు కొలిచారు, రక్తపరీక్షలు చేశారు, రక్తనాళాల బిరుసుదనాన్ని చూశారు. ఉప్మా అందిన ఊళ్ల పిల్లలు కొంచెం ఎత్తు ఎక్కువగా ఉన్నారని, వాళ్లలో ఇన్సులిన్ నిరోధకత (ఇన్సులిన్ ఉన్నా శరీరంలో సరిగా పనిచేయకపోవడం), రక్తనాళాల బిరుసుదనం తక్కువగా ఉన్నాయని 2008లో వెల్లడించారు. అంటే తల్లి కడుపులో ఉన్నప్పుడు, పసితనంలో అందిన తిండికీ, పెద్దయ్యాక మధుమేహం, గుండెజబ్బు వచ్చే అవకాశానికీ సంబంధం ఉండవచ్చన్నమాట. ఆ ఊళ్లను లాటరీ పద్ధతిలో రెండు గుంపులుగా విడదీయలేదు కాబట్టి ఈ ఫలితాన్ని ఎంతవరకు నమ్మాలో ఆచితూచి చెప్పాలి. ఆ ఆచితూచి చెప్పడమే ఈ వృత్తిలో అసలు నైపుణ్యం. మీ అమ్మాయికి ఊళ్లు తిరగడం, మనుషులతో మాట్లాడటం, అంకెలతో కుస్తీపట్టడం ఇష్టమైతే ప్రజారోగ్యంలో పీజీ గురించి ఆలోచించవచ్చు. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో ఈ కోర్సు ఉంది, ఎంబీబీఎస్ చదవనివాళ్లు కూడా చేరవచ్చు.

ప్రయోగశాలనే ఎంచుకుంటే రోజువారీ పని ఎలా ఉంటుందో కూడా చెప్పాలి. కణాలను పెంచే ఫ్లాస్కులో పోషక ద్రావణం గులాబీ ఎరుపు రంగులో ఉంటుంది. 37 డిగ్రీల ఇంక్యుబేటరులో వాటిని జాగ్రత్తగా పెంచుతూ, రెండుమూడు రోజులకోసారి ద్రావణం మారుస్తూ వారాలు గడిపిన తర్వాత, ఒక సోమవారం ఉదయం తలుపు తెరిస్తే ద్రావణం పసుపు రంగుకు మారి మబ్బుగా కనిపిస్తుంది. ఎక్కడో బ్యాక్టీరియా చేరింది. అన్నీ పారబోసి, హుడ్ (సూక్ష్మజీవులు చేరకుండా పనిచేసుకునే పెట్టె లాంటి చోటు) శుభ్రం చేసుకుని, మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టాలి. ఇలాంటప్పుడు ఏడుపు రావడం తప్పేమీ కాదు. మర్నాడు పొరపాటు ఎక్కడ జరిగిందో నోటుపుస్తకంలో రాసుకుని పనిలోకి దిగగలిగితే చాలు. పరీక్షల్లో వచ్చే మార్కులు ఈ గుణాన్ని కొలవలేవు కనుకనే ముందుగా ఏదైనా ప్రయోగశాలలో కొంతకాలం పనిచేసి చూడమని అందరికీ చెప్తాను.

ఇక చదువు, డబ్బు సంగతి. డిగ్రీ తర్వాత రెండేళ్ల ఎమ్మెస్సీ, ఆ పైన ఐదారేళ్ల పీహెచ్‌డీ, ఆ తర్వాత చాలామందికి రెండు మూడేళ్ల పోస్ట్ డాక్టరల్ శిక్షణ ఉంటాయి. ముప్పై ఏళ్లు వచ్చేవరకు స్థిరమైన ఉద్యోగం ఉండకపోవచ్చని ఇంట్లో అందరూ ముందే ఒప్పుకోవాలి. పెళ్లి మాట మధ్యలో వచ్చినప్పుడు ఈ ఒప్పందం ఆమెకు అండగా ఉంటుంది. ఉస్మానియా, కాకతీయ వంటి రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో ఎమ్మెస్సీకి సీపీగెట్, హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయానికి సీయూఈటీ పీజీ ప్రవేశ పరీక్షలు రాయాలి. బయోటెక్నాలజీ వైపు వెళ్లాలంటే గాట్-బీ, ఐఐటీ జామ్ అనే ప్రవేశ పరీక్షలు ఉన్నాయి. జామ్‌లో ఇంటర్ స్థాయి గణితం కూడా వస్తుంది. బైపీసీ పిల్లలు లెక్కలంటే భయపడి ఆ దారి వదిలేస్తుంటారు, ఆ భయాన్ని ఇప్పుడే పోగొట్టుకోవాలి, ఎందుకంటే గణాంకాలు రాకుండా నేటి వైద్య పరిశోధనలో ముందుకు వెళ్లడం కష్టం.

పీహెచ్‌డీ దశలో ఆదాయాన్ని నిర్ణయించేది సీఎస్‌ఐఆర్-యూజీసీ నెట్ అనే జాతీయ స్థాయి పరీక్ష. అందులో జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు, తర్వాత 42,000 రూపాయలు, ఇంటి అద్దె భత్యం అదనం. బయోటెక్నాలజీ విభాగం ఇచ్చే ఫెలోషిప్‌కు వేరే పరీక్ష ఉంది. ఏ ఫెలోషిప్పూ లేకుండా కేంద్రీయ విశ్వవిద్యాలయంలో చేరితే యూజీసీ ఇచ్చే నాన్-నెట్ ఫెలోషిప్ నెలకు 8,000 రూపాయలే, దానితో హైదరాబాద్‌లో బతకడం కష్టం. కాబట్టి ఎమ్మెస్సీ మొదటి సంవత్సరం నుంచే లైఫ్ సైన్సెస్ నెట్‌కు చదవాలి. జేఆర్‌ఎఫ్ వయోపరిమితిలో మహిళలకు ఐదేళ్ల సడలింపు ఉంది కనుక ఒకటి రెండు ప్రయత్నాలు విఫలమైనా కంగారు పడనక్కరలేదు. పీహెచ్‌డీ తర్వాత అధ్యాపక ఉద్యోగాలు తక్కువ, పోటీ ఎక్కువ. భారత వైద్య పరిశోధన మండలి సంస్థల్లో శాస్త్రవేత్త పోస్టులు, హైదరాబాద్ జీనోమ్ వ్యాలీలోని టీకా, ఔషధ కంపెనీలు, క్లినికల్ ట్రయల్స్ (మనుషుల మీద మందుల పరీక్షలు) నిర్వహించే సంస్థలు మిగతా దారులు. వీటిలో కొన్నింటికి ఎమ్మెస్సీ సరిపోతుంది, పీహెచ్‌డీ దాకా వెళ్లాలన్న నియమం లేదు.

పీహెచ్‌డీకి చేరేటప్పుడు సంస్థ పేరు కంటే గైడ్‌ను (పరిశోధనను పర్యవేక్షించే శాస్త్రవేత్తను) చూసి నిర్ణయించుకోవాలన్నది నా గట్టి అభిప్రాయం. ఆ ప్రయోగశాలలో ఇప్పుడు పనిచేస్తున్న విద్యార్థులతో గైడ్ లేనప్పుడు మాట్లాడితే, ఎన్నేళ్లకు డిగ్రీ చేతికొస్తోంది, రాసిన పేపర్లలో విద్యార్థి పేరు ముందుంటోందా, మధ్యలో మానేసినవాళ్లు ఎందుకు మానేశారు అనే విషయాలు తెలుస్తాయి. హైదరాబాద్‌లో సీసీఎంబీ (కణ, అణు జీవశాస్త్ర కేంద్రం), సీడీఎఫ్‌డీ (డీఎన్‌ఏ ఫింగర్‌ప్రింటింగ్ కేంద్రం), జాతీయ పోషకాహార సంస్థ, ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ, కేంద్రీయ విశ్వవిద్యాలయం ఉన్నాయి కనుక వెళ్లి అడగడం మీకు పెద్ద దూరమేమీ కాదు.

విదేశాల విషయంలో నా సలహా స్పష్టం: జీవశాస్త్రంలో అప్పు చేసి ఎమ్మెస్‌కు పంపవద్దు. కంప్యూటర్ కోర్సులు చేసినవాళ్లలా వెంటనే ఉద్యోగం వచ్చి అప్పు తీరుతుందన్న లెక్క ఇక్కడ పనిచేయదు. అమెరికాలో జీవశాస్త్ర పీహెచ్‌డీలకు సాధారణంగా ఫీజు మినహాయించి, నెలనెలా భత్యం కూడా ఇస్తారు. ఇక్కడ మంచి ఎమ్మెస్సీ, ఒకటి రెండేళ్ల ప్రయోగశాల అనుభవం సంపాదించి, ఆ తర్వాత నిధులున్న పీహెచ్‌డీకి దరఖాస్తు చేసుకుంటే మీ ఇంటి మీద భారం పడదు. అలాగే, కొన్ని నెలల్లో క్లినికల్ రీసెర్చ్ సర్టిఫికెట్ ఇస్తామని లక్షలు అడిగేవాళ్లనూ, డబ్బు కడితే వారంలో పేపర్ ప్రచురిస్తామనే పత్రికలనూ దూరం పెట్టండి. డబ్బు తీసుకుని వారంలో వేసే పేపర్ తర్వాత ఆమె దరఖాస్తుకు మేలు కంటే చెరుపే ఎక్కువ చేస్తుంది.

ఈ సంవత్సరం చేయవలసిన పని ఒకటే. దేశంలోని మూడు సైన్స్ అకాడమీలు కలిసి వేసవిలో రెండు నెలల పరిశోధన ఫెలోషిప్ ఇస్తాయి. డిగ్రీ విద్యార్థులు కూడా అర్హులే, ఎంపికైతే ఒక శాస్త్రవేత్త దగ్గర నిజమైన ప్రయోగశాలలో పనిచేయవచ్చు, ఖర్చులకు భత్యం కూడా ఇస్తారు. దరఖాస్తులు వేసవికి చాలా నెలల ముందే ముగుస్తాయి. ఏ అంశం మీద పనిచేయాలనుకుంటున్నదో ఆమె సొంత మాటల్లో రాయాలి. అధ్యాపకుల సిఫారసు లేఖ కూడా కావాలి. కాబట్టి కాలేజీలో ఆమె ప్రాక్టికల్స్‌ను దగ్గరగా చూసిన మైక్రోబయాలజీ మేడమ్‌నో, సార్‌నో ఈ వారంలోనే కలిసి మాట్లాడమని చెప్పండి.