లైనక్స్‌లో రెయిడ్ కార్డు కనిపించడం లేదు, వారంటీ వర్తించదంటున్నారు: కేసు వేయవచ్చా?

ప్రశ్న: పాలకొల్లులో ఫొటో స్టూడియో నడుపుతున్నాను. పెళ్లి వీడియోలు దాచుకోవడానికి రాజమండ్రిలోని ఒక షాపులో రెయిడ్ కార్డు (కొన్ని డిస్కులను కలిపి ఒకటిగా నడిపే కార్డు), నాలుగు హార్డ్ డిస్కులతో సిస్టమ్ చేయించుకున్నాను. లైనక్స్ (విండోస్‌కు బదులు వేసుకునే ఆపరేటింగ్ సిస్టమ్) వాడతానని ముందే వాట్సాప్‌లో చెబితే, పని చేస్తుందన్నారు. తీరా ఇన్‌స్టాల్ చేయబోతే డిస్కులే కనిపించడం లేదు. 'విండోస్ వేసుకోండి, లైనక్స్‌కు వారంటీ లేదు, అమ్మిన సరుకు వాపసు తీసుకోం' అంటున్నారు. ఏం చేయాలి?

జవాబు: కేసు వేయవచ్చండీ. ఆ వాట్సాప్ మెసేజ్ మీ దగ్గర ఉంది కాబట్టి మీ పక్షం గట్టిదే. కాకపోతే నోటీసు పంపేముందు లోపం ఎక్కడుందో తేల్చుకోండి. అది తేలకుండా వెళితే 'కార్డు బాగానే ఉంది, ఆయనకే వాడటం రాలేదు' అని అవతలివాళ్లు ఒక్క ముక్కలో తోసిపుచ్చుతారు.

లైనక్స్ టెర్మినల్‌లో (కమాండ్లు టైపు చేసే విండోలో) ఎల్ఎస్‌పీసీఐ కమాండ్‌ను ఎన్ఎన్‌కే ఆప్షన్‌తో (lspci -nnk) ఇవ్వండి. వచ్చే జాబితాలో 'రెయిడ్ బస్ కంట్రోలర్' అనో 'సీరియల్ అటాచ్డ్ స్కసీ కంట్రోలర్' అనో ఒక లైను ఉండాలి. డ్రైవర్ (కార్డును నడిపే సాఫ్ట్‌వేర్) లేకపోయినా సరే, ఆ లైను రావాలి. రాకపోతే కరెంటు తీసేసి, కార్డు కాంటాక్టులు శుభ్రంగా తుడిచి, వేరే స్లాటులో గట్టిగా కూర్చోబెట్టండి. బయోస్‌లో (కంప్యూటర్ సొంత సెటప్‌లో) ఆ స్లాటు ఆపేసి ఉందేమో కూడా చూడండి. ఇంకో కంప్యూటర్‌లో పెట్టినా కనిపించకపోతే లోపం కార్డుదే. అప్పుడు విండోసా, లైనక్సా అన్న వాదనకు తావే లేదు.

లైను వచ్చింది గానీ దాని కింద 'కెర్నల్ డ్రైవర్ ఇన్ యూజ్' అన్న మాట లేదనుకోండి. కార్డు బతికే ఉంది, మీరు వేసిన లైనక్స్‌లో దానికి డ్రైవర్ అందలేదని అర్థం. పాత కార్డులతో ఇది తరచూ జరుగుతుంది. రెడ్ హ్యాట్ అనే లైనక్స్ 7వ వెర్షన్‌లో నడిచిన చాలా పాత రెయిడ్ కార్డులకు 8వ వెర్షన్‌లో సపోర్టు తీసేశారు. ఇక్కడ మీరు ఏ లైనక్స్, ఏ వెర్షన్ అని షాపువాళ్లకు చెప్పారన్నది కీలకం. కార్డు మీద ఉన్న సీరియల్ నంబరుతో తయారీ తేదీ కూడా కనుక్కోండి. వాడేసిన కార్డును కొత్తదని అమ్మితే అది విడిగా అనుచిత వ్యాపార పద్ధతి అవుతుంది.

డ్రైవర్ పేరు ఉండి డిస్కులు మాత్రం రాకపోతే, కార్డు సొంత సెటప్‌లో వర్చువల్ డ్రైవ్ (డిస్కులన్నీ కలిపి ఒకటిగా కనిపించే డ్రైవ్) తయారు చేయలేదేమో చూడండి. చాలా రెయిడ్ కార్డులు అది చేసేదాకా డిస్కులను సిస్టమ్‌కు చూపించవు. సమస్య ఇదే అయితే కేసు అక్కర్లేదు. డిస్కుల్లో ఇప్పటికే వీడియోలుంటే మాత్రం 'ఇనీషియలైజ్' జోలికి వెళ్లకండి, అంతా తుడిచిపెట్టుకుపోతుంది.

ఇక చట్టం సంగతి. స్టూడియో వ్యాపారం కదా, వినియోగదారుడినెలా అవుతానని సందేహపడకండి. స్వయం ఉపాధితో బతుకు తెరువు కోసం కొని, స్వయంగా వాడుకునేవారు వినియోగదారులేనని 2019 వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 2(7) వివరణలో ఉంది. ఏ అవసరానికో ముందే చెప్పి, ఆ సరుకు అమ్మే షాపువాళ్ల మాట నమ్మి కొన్నప్పుడు, సరుకు ఆ అవసరానికి తగినట్టు ఉండాలని 1930 సరుకుల అమ్మకం చట్టం సెక్షన్ 16 చెబుతుంది. మీ మెసేజ్ విలువంతా ఇక్కడే. ఆ చాట్ చెరిపేయవద్దు, ఫోన్ మార్చవద్దు.

'వాపసు తీసుకోం' అన్న మాట లోపమున్న సరుకుకు చెల్లదు. బిల్లులో చెప్పిన గడువులో, గడువు రాయకపోతే 30 రోజుల్లో, వెనక్కి తీసుకుని డబ్బు ఇవ్వకపోవడం సెక్షన్ 2(47) కింద తప్పు. అందుకే రాతపూర్వకంగా ఈరోజే అడగండి. 'లైనక్స్‌కు వారంటీ లేదు' అన్న షరతు వారంటీ కార్డులో ఉందో లేదో మీరే చదవండి, నోటి మాట వినకండి.

జవాబు రాకపోతే 1915కు ఫోన్ చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నమోదు చేయండి. చాలావరకు అక్కడే దారికి వస్తారు. రాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. షాపు రాజమండ్రిలో ఉన్నా, పాలకొల్లు ఏ జిల్లా కమిషన్ కిందికి వస్తే అక్కడే వేయవచ్చు. ఆన్‌లైన్‌లో ఈ-జాగృతి పోర్టల్ ఉంది. చెల్లించిన సొమ్ము 5 లక్షలు దాటకపోతే ఫీజు లేదు, లాయరు తప్పనిసరి కాదు. గడువు రెండేళ్లు. కార్డును పరీక్షకు పంపమని కమిషన్‌ను కోరవచ్చు. సీజన్‌లో పోయిన ఆర్డర్లకు నష్టపరిహారం అడగాలంటే అడ్వాన్సు రసీదులు, రద్దు చేసుకున్నవారి మెసేజ్‌లు జతచేయాలి. ఊరికే అంకె వేస్తే నిలవదు.

ఈలోగా రిపేరుకు ఇవ్వమంటే కార్డు మాత్రమే ఇవ్వండి. డిస్కులను వరుస నంబర్లు రాసి తీసి మీ దగ్గరే ఉంచుకోండి, అందులో మీ కస్టమర్ల పెళ్లి వీడియోలు ఉండొచ్చు. కార్డు సీరియల్ నంబరు రాసిన రసీదు చేతికొచ్చాకే షాపు దిగండి.