రెండేళ్ల పాప నన్ను చూస్తేనే ఏడుస్తోంది, మాలిమి చేసుకోవడం ఎలా?

నేపాల్‌లో ఒక డే కేర్‌కి నెల రోజులు వాలంటీర్‌గా వెళ్లారు. వారం గడిచినా రెండేళ్ల పాప ఒకతి మీ దగ్గరికి రాదు, మీరు కనిపిస్తే చాలు గోడవైపు తిరిగిపోతుంది. మీలోనే ఏదో లోపం ఉందేమోనని మీ టెన్షన్.

లోపమేం లేదండీ. నేనూ పోఖరాలో ఇలాంటి చోటే ఆరు వారాలు పనిచేశాను. పనులకు వెళ్లే తల్లులు పొద్దున్నే పిల్లల్ని దింపి పోయేవారు. మాది హైదరాబాద్, మల్కాజిగిరిలో ఇంటినిండా పిల్లలే. సిటీ బస్సులో పక్క సీటువాళ్ల బిడ్డనైనా "దా, దా" అని ఒళ్లో కూర్చోబెట్టుకునే రకం నేను. ఆ ధీమాతోనే మొదటిరోజు నవ్వుతూ వెళ్లి చేతులు చాపాను. పాప ఒక్క క్షణం నా మొహం చూసి, కింది పెదవి ముందుకు పెట్టి, అందుకుంది చూడండి రాగం! ఆయా వచ్చి ఎత్తుకునేదాకా ఆపలేదు. మర్నాడు ఇంటినుంచి తెచ్చిన ఉస్మానియా బిస్కెట్ చూపించాను. అదీ పారలేదు సరికదా, అడగకుండా బయటి తిండి పెట్టొద్దని పెద్దావిడ చేత చీవాట్లు కూడా తిన్నాను. ఆవిడన్నది న్యాయమే, ఏ బిడ్డకు ఏది పడదో మనకేం తెలుసు?

కొత్త ముఖమంటే బెదురు మామూలుగా ఎనిమిదో నెల అటూ ఇటూగా మొదలవుతుంది, కొందరికి రెండేళ్లు దాటినా ఉంటుంది. తనవాళ్లెవరో, పైవాళ్లెవరో బిడ్డకు తెలుస్తోందన్నమాట. మనమే దాన్ని అవమానంగా తీసుకుని ఇంకా మీద పడతాం.

మూడోరోజు నుంచి పాప జోలికి వెళ్లడం మానేశాను. రోజూ అదే టైముకి, కిటికీ కింద అదే చాప మీద, పక్కకి తిరిగి కూర్చుని ఉతికిన గుడ్డలు మడతపెట్టేదాన్ని. కళ్లలోకి చూడను, పిలవను. నా చేతికి చార్మినార్ దగ్గర కొన్న లక్క గాజులు, అద్దాలు పొదిగినవి. చలికాలపు ఎండ వాటి మీద పడి ఎదురు గోడ మీద చుక్కలు చుక్కలుగా వెలుగు. చెయ్యి కదిలితే అవీ కదులుతాయి. నాలుగు రోజులు దూరంనుంచే చూసింది. ఐదోరోజు వచ్చి ఒక చుక్కను అరచేత్తో గట్టిగా మూసింది. చెయ్యి తీసింది, వెలుగు అక్కడే ఉంది. నావైపు చూసింది. నేనే ఏదో మాయ చేశానన్నట్టు! నేను మళ్లీ మడతల్లో పడ్డాను. ఆ పూట ఎత్తుకోబోయుంటే మొత్తం చెడిపోయేది.

గాజు మాత్రం చేతికివ్వలేదు. ఆ అద్దంముక్కలు ఊడివస్తాయి, ఈ వయసువాళ్లకు ఏదైనా నోట్లోకే.

ఆ తర్వాత బంతి దొర్లించడం, దోబూచి. భాష అడ్డే కాలేదు. అక్కడ చిన్నపిల్లల్ని, ముఖ్యంగా ఆడపిల్లల్ని "నాని" అంటారు. మా తమ్ముడి ముద్దుపేరూ అదే, పిలవాలంటే నాకే నవ్వొచ్చేది. ఒకటి గుర్తుంచుకోండి, అక్కడ వారం సెలవు శనివారం. ఆదివారం పొద్దున పాప మళ్లీ మొహం తిప్పేసుకుంటుంది. కంగారు పడకండి, మధ్యాహ్నానికి సర్దుకుంటుంది.

చేరువయ్యాక కూడా అన్నం తినిపించడం, నిద్రపుచ్చడం ఆయాకే వదిలేయండి. నెల తిరిగేసరికి మీరుండరు, ఆవిడ ఉంటుంది. అందరికంటే మీరంటేనే ఇష్టం కావాలన్న ఆశ నాకూ ఉండేది, అది మన సరదా తప్ప బిడ్డకు పనికొచ్చేది కాదు.

సాయంత్రం చెప్పకుండా జారుకోవద్దు. నేను రోజూ "భోలి" అని చెయ్యి ఊపేదాన్ని, అంటే రేపు అని. చివరిరోజు ఆ మాట అనలేదు, టాటా మాత్రం చెప్పాను. తను బంతి కోసం బల్ల కిందికి దూరి ఉంది, తల కూడా ఎత్తలేదు.